తలకింత భూమి

“రామ్‌దాస్‌ది గుంట భూమి గుడ పోదా?” ఆత్మారాం పటేలు చేతిలున్న భూమి సీలింగు కాయితాన్ని అరుగు మీద ఇసిరి కొట్టిండు.

పట్వారీ నర్సన్న తువ్వాలతోని మెడ తుడుసుకున్నడు. “పోదు పటేలా. కొత్త చట్టం గట్లున్నది. ఇంట్ల ఐదుగురుంటె పన్నెండెకరాలు ఉంచుకోవచ్చు. ఐదుగురి మీద ఎంతమంది ఎక్కువుంటె తలకింత భూమి కలుస్తది. ఆయనకు ఎనమండుగురు పిల్లలు, ఆలుమగలతోని పదిమంది. ఆయన ఇరవై నాలుగెకరాలు ఆయనకే ఉంటయి.”

“మరి నాకు?”

“మీకు ముగ్గురే కొడుకులు గద. మీ ఇరవై నాలుగుల పన్నెండు సర్కారుకు పోతయి. భూమి లేనోళ్ళకు పంచుతరు.”

ఇద్దరివీ పక్కపక్క పొలాలు. ఒకటే కాలువ నీళ్ళు, బోధన్ ఫ్యాక్టరీకి పోయే ఒకటే తీరు చెరుకు. తన భూమి పోతున్నదన్న బాధ కన్నా, గట్టుకు అవతల రామ్‌దాస్ భూమి పోతలేదన్నదే ఆత్మారాం కడుపుల అగ్గి పెట్టింది. రామ్‌దాస్‌వి గుడ పన్నెండు పోతే, ఆత్మారాం కమ్మగ తిని పండుకునేటోడే.

అంతల రామ్‌దాస్ రానే వచ్చిండు. ఇసొంటి సమయంల రాకుండ ఎట్లుంటడు? “ఏమన్నా, ఊరంత తిరిగి మీటింగులు పెడితివి. ఇద్దరు లేక ముగ్గురు చాలు, మంది పెరిగితె భూమి సాలదంటివి. నారు పోసినోడు నీరు పొయ్యడా అని నేనంటె నవ్వితివి. సూసినవా, నాకు నీళ్ళే గాదు, నేల గుడ ఇచ్చిండు.”

పుండు మీద కారం జల్లి, ధోతి కుచ్చెళ్ళు సవరించుకుంట ఎళ్ళిపోయిండు. ఆత్మారాంకు ఆ పూట బువ్వ దిగలే.

“వాడు కన్నందుకు సర్కారు ఇనామిస్తదా?” అని పెండ్లాం మీద అరిసిండు.

“ముగ్గురు చాలన్నది మీరే గద,” అన్నది ప్రమీలమ్మ, మెల్లగ పళ్ళెం తీస్కుంట.

జీతగాడు సిద్దిరాములు కొట్టంల ఎడ్లకు గడ్డి ఏస్తున్నడు. ఆత్మారాం చూపు ఆయన మీద పడ్డది.

“సిద్దిరాములూ, నీకెంతమంది పిల్లలు?”

“ఐదుగురు కొడుకులు పటేలా.”

మూడు, ఐదు ఎనిమిది. ఆత్మారాం మొకంల కళ వచ్చింది. “నీ కొడుకులను నా కొడుకులని రాపిస్త. కాయితం మీదనే. సర్కారు సారు వచ్చి సూసి పోతడు. మళ్ళ నీ పోరలు నీకే.”

సిద్దిరాములు చేతిలున్న గడ్డి కింద పెట్టిండు. “మీ మిగులు భూమి మాసొంటోళ్ళకు పంచుతరంటున్నరు పటేలా. నా పెండ్లాం దేవవ్వ మస్తు ఆశ పెట్టుకున్నది.”

“నీకే వస్తదని ఎవడన్నడు? ఊర్లె నీసొంటోళ్ళు నూరుమంది. కాదంటె రేపటి సంది పనిలకు రాకు.”

“గట్లనే పటేలా,” అన్నడు సిద్దిరాములు. గడ్డిపోచలు దులుపుకున్నడు. “కాయితం మీద సర్కారు ముద్ర పడ్తదా?”

“పడ్తది. ముద్ర పడ్డంక దాన్ని మార్చుడు ఎవనితోని కాదు.”

నర్సన్న మొదలు భయపడ్డడు, తర్వాత రాసిండు. ఎందుకు రాసిండంటె, పట్వారీ గనుక.

వారం తిరుగకముందే సీలింగు సారు జీపుల దిగిండు. ఐదుగురు పోరలకు తానం పోసి, కొత్త అంగీలు తొడిగి, ఆత్మారాం కొడుకుల పక్కన వరుసగ నిలవెట్టిన్రు. సారు పేర్లు చదువుకుంట పోయి ఆఖర్ల అద్దాలు తీసిండు.

“ఎనిమిది మందా? మీరు కుటుంబ నియంత్రణ మీటింగులు పెడతారని విన్నానే. చెప్పేవాళ్ళే ఇట్లా కంటూ పోతే ఈ భూమి ఎవరికి చాలుతుందండీ?”

తాను పదిమందికి చెప్పిన మాటే. ఆత్మారాం తల దించుకున్నడు. సిగ్గయింది గని, గోడ అవతల రామ్‌దాస్ నవ్వు మొకం వాడిపోయి కనవడ్డది. దానితోని సిగ్గంత పోయింది.

సారు అందరికన్న చిన్నోన్ని దగ్గరికి పిలిసిండు. “మీ నాయన ఎవరు బాబూ?”

మూడు దినాల సంది వాడు ప్రమీలమ్మ చేతి బెల్లమన్నం తింటున్నడు. సిద్దిరాములు దిక్కు ఒక్కసారి సూసిండు. మళ్ళ ఆత్మారాంను చూపెట్టి, “బాపు,” అన్నడు. సిద్దిరాములు కండ్లు తుడుసుకొని ఎడ్ల దిక్కు తిరిగిండు.

సారు సంతకం చేసిండు, ముద్ర ఏసిండు. ఇరవై నాలుగెకరాలు నిలిచినయి.

పొద్దు గూకక ముందే ఆత్మారాం అరుగు మీద కూసోని కేకేసిండు. “సిద్దిరాములూ, ఇగ నీ పోరలను తోల్కపో.”

సిద్దిరాములు వచ్చిండు. ఆయన ఎనుక రామ్‌దాస్ వచ్చిండు. రామ్‌దాస్ చేతిల ఆ కాయితం నకలు ఉన్నది.

“వాడెందుకొచ్చిండు?” అన్నడు ఆత్మారాం.

“చెప్తా పటేలా. పోరలను నేను తోల్కపోతె మీరు సారుకు అబద్ధం చెప్పినట్టయితది. భూమి పోతది, మీకు జైలయితది. మీ ఉప్పు తిన్నోన్ని, గంత పాపం నేను చెయ్య. వాళ్ళు మీ ఇంట్లనే ఉంటరు.”

“ఉండి ఏం చేస్తరు?”

సిద్దిరాములు చేతులు కట్టుకొనే చెప్పిండు. “ఎనమండుగురు కొడుకులు, మనిషికి మూడెకరాలు పటేలా, ఆ ఐదుగురి పదిహేనెకరాలు పంచి పెట్టనీకి రామ్‌దాస్ పటేలును పెద్దమనిషిగ తోల్కొచ్చిన.”