అబూ సత్తాం కాఫీ

నా భార్య ముంతహాకి జోర్డాన్ ఎడారిలోని పెట్రా శిథిలాలు చూపిస్తానని బయల్దేరదీసి, అడ్డదారిలో కారును ఇసుకలో దించేశాను. ఇద్దరం కనబడిన గుడారానికి నడిచాం. లోపల కూర్చున్నాకే తెలిసింది, అది అబూ సత్తాందని. నిరుడు మా అన్న నడిపిన లారీ కింద పడి చనిపోయింది ఆయన కొడుకే. రాజీ కుదిరేదాకా మావాళ్లెవరూ వాళ్ల కంటబడకూడదు, పడితే ప్రాణానికి ప్రాణం తీస్తారు.

"ఎవరి తాలూకు?" అన్నాడు అబూ సత్తాం. నోటికొచ్చిన పేరు చెప్పాను.

ముసలాయన కాఫీ పోసి, నడుముకున్న బాకు సర్దుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"తాగు."

ఏం కలిపాడోనని గిన్నె పట్టుకునే కూర్చున్నాను.

"వేళాకోళానికి ఊరందరికీ ఉప్పు టీ తాగించే మొనగాడివి, ఇప్పుడేమైంది నీకు?" అని గొణిగింది ముంతహా.

"తాగమన్నానా?" అన్నాడు ముసలాయన మళ్లీ.

బయట జీపు ఆగింది. ఆయన చప్పున నా మణికట్టు పట్టుకుని గిన్నెను నా నోటికి ఆనించాడు.

"నీది అచ్చం మీ అన్న మొహమే. వచ్చింది నా మిగతా కొడుకులు. నా కాఫీ నీ గొంతు దిగితే నువ్వు నా అతిథివి, వాళ్లు నిన్ను ముట్టుకోలేరు. తాగి బతకరా, వెధవా."