నూట యాభై

నాలుగో ఓవెన్ వెలిగించగానే మిగతా మూడింటి మంటలూ చిక్కిపోయాయి. నిమిషంలో నాలుగూ ఆరిపోయాయి. ఇంగ్లాండులోని స్విండన్ బిస్కెట్ ఫ్యాక్టరీకి కొత్త గ్యాస్ లైన్ వేసి, మొదటిసారి గ్యాస్ వదిలిన ఉదయం అది.

"పైపు సన్నం! ఈ సైజు లెక్కకట్టింది ఎవరు?" ఫ్యాక్టరీ మేనేజర్ అరిచాడు.

అందరూ హైమ వైపు చూశారు.

సైట్ ఆఫీసులోకి రాగానే ఆమె శ్రీకర్ మీద విరుచుకుపడింది. డ్రాయింగులన్నీ కలిపి ఫైలు కట్టేది అతనే.

"నేనిచ్చింది నూట యాభై మిల్లీమీటర్లు. వంద ఎలా అయిందిరా?"

"నా దగ్గరికొచ్చిన కాగితాల్లో వందే ఉంది. మొదటి పేజీలో నీ సంతకం ఉంది."

"సంతకం నాదే. లెక్క నాది కాదు. వెనక పేజీలు మార్చేశారు."

"నూట యాభై పైపు రావడానికి ఆరు వారాలు పడుతుందన్నారుగా. నువ్వే తగ్గించావనుకున్నా. ఒట్టు, హైమా!"

"రెండేళ్ళుగా నా లంచ్ బాక్సులో సగం నువ్వే తింటున్నావు. నోరెలా వస్తోంది నీకు?"

"ఇక చాలు," అన్నారు ఆంజనేయప్రసాద్. ఇద్దరికీ ఆయనే బాస్. హైమకి ఆఫీసులో సార్, ఇంటికొస్తే అంకుల్. శ్రీకర్‌ని బయటికి పంపి తలుపు వేశారు.

"చూడమ్మా, ఎంక్వైరీ దాకా వెళ్తే నీ ఉద్యోగం పోతుంది. దాంతో పాటే వీసా. మీ పాపని స్కూలు మధ్యలో మాన్పించి ఫ్లైట్ ఎక్కిస్తావా?"

హైమ కళ్ళు నిండాయి. "నేను తప్పు చేయలేదంకుల్."

"నాకు తెలీదా? కానీ సంతకం నీదే కదా. పొరపాటైందని ఒప్పేసుకో. వార్నింగ్‌తో పోయేలా పైవాళ్ళతో నేను మాట్లాడతా. లెటర్ కూడా రెడీగా ఉంది."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఈ దేశంలో తనకంటూ ఒక్కరైనా ఉన్నారు. బయట నిలబడ్డ శ్రీకర్‌ని అద్దంలోంచి అసహ్యంగా చూసి, పెన్ను అందుకుంది. అచ్చేసిన లెటర్‌లో రెండే వాక్యాలు:

'నాలుగు ఓవెన్లూ ఒకేసారి వెలిగించేసరికి గ్యాస్ చాలక ఆరిపోయాయి. వంద మిల్లీమీటర్ల పైపు ఎంచుకోవడం పూర్తిగా నా పొరపాటే.'

సంతకం చేసింది. ఆయన కాగితం తీసుకోబోతుంటే, "ఉండండి అంకుల్, తేదీ వేయలేదు," అంది.

"అక్కర్లేదులేమ్మా, పైన ఉందిగా."

ఆమె చూపు పైకి వెళ్ళింది. గ్యాస్ వదిలింది ఈ ఉదయం. లెటర్ మీద అచ్చయిన తేదీ నాలుగు రోజుల కిందటిది.