కల్లుముంత పక్క గూడు

గిజిగాడు తాటాకుకు గూడు అల్లుతున్నాడు. పక్కనే వేలాడే కల్లుముంతలో ముక్కు ముంచనిదే వాడికి పోచ కదలదు.

గూడు నచ్చితే కాపురానికొద్దామని వచ్చిన ఆడపిట్ట ఒక్క ముడి పట్టి లాగింది. సగం గూడు ఊడి నేలమీద పడింది.

"రెండు చుక్కలు పడితేనే నాకు పనితనం వస్తుంది," అన్నాడు గిజిగాడు.

"నీ పనితనం కింద పడింది, చూసుకో. అందులో నా గుడ్లుంటే ఏమయ్యేవి?" అని అది ఎగిరిపోయింది.

గిజిగాడు ముంత మానేశాడు. మూడు రోజులు ముక్కు వణికి, వేసిన ప్రతి ముడీ జారింది. "ఒక్క గుక్కే కదా, బావా," అని ముంత మీది కాకి పిలిచినా వెళ్లలేదు. నాలుగోనాటికి ముడి బిగిసింది.

ఆడపిట్ట మళ్లీ వచ్చి లాగింది, తలకిందులుగా వేలాడి ఊగింది. గూడు చెక్కుచెదరలేదు.

"పరీక్ష ఇంకా అవలేదా?" అన్నాడు వాడు బెరుగ్గా.

"ఎప్పుడో అయింది. ఇప్పుడు సరదాకి ఊగుతున్నాను."