నూతి మీది గది

“నుయ్యి పూడ్చీసి దాని మీద పడగ్గది కట్టేరు బాబూ. ఆ మాట సెప్పకుండానే ఇల్లు అమ్మీసేరు,” అంది వరమ్మ.

లాయరు దయాసాగర్ కాగితం ముందుకు లాక్కున్నాడు. చోడవరం కోర్టులో పాతికేళ్ల ప్రాక్టీసు ఆయనది. సగం విని, మిగతా సగం తనే పూరించుకోవడం అలవాటు. ఇళ్లు కొన్నవాళ్లు వారానికొకరైనా లబోదిబోమంటూ ఆయన మెట్లెక్కుతారు. ఈ ముసలమ్మ కంట తడి లేకపోవడమే కాస్త వింతగా ఉంది.

ఆమె చెప్పిందంతా రాసుకున్నాడు. ఇల్లు చేతులు మారి ఏడాదయింది. ఈ వానలకు గది నేల జానెడు కుంగింది, గోడ బీటలు వారింది. నుయ్యి పూడ్చినప్పుడు గంగమ్మకు ఊపిరాడాలని గది మూల ఓ గొట్టం నిలబెట్టారట. ఈ చుట్టుపక్కల అందరూ చేసేదే. తీరా బేరం వచ్చేసరికి ఆ గొట్టాన్ని నేలమట్టానికి కోసేసి, పైన టైల్స్ పరిచేశారట.

“ఆ గదిలో ఇద్దరు సంటిపిల్లలు పడుకుంటన్నారు బాబూ. నాకు ముద్ద దిగడం లేదు.”

మనవలు కాబోలు, పాపం అనుకున్నాడు దయాసాగర్. చట్టం సంగతి ఓపిగ్గా విడమర్చాడు. కంటికి కనబడని లోపాన్ని అమ్మేవాళ్లే చెప్పాలి. దాచిపెట్టి అమ్మితే రిజిస్ట్రేషన్ రద్దు చేయమనొచ్చు, లేదా ఇల్లు ఉంచుకుని నష్టపరిహారం అడగొచ్చు. మోసం బయటపడిన నాటినుంచి మూడేళ్లలోపు దావా వెయ్యాలి.

“సొమ్ము తిరిగొచ్చీయాల. పిల్లలు అక్కణ్ణుంచి బయటపడాల,” అంది వరమ్మ.

అమ్మిందెవరని అడిగాడు. తల్లీకొడుకులట. సొమ్మంతా కొడుకు దగ్గరే ఉంది, తిరిగిచ్చెయ్యమంటే మీద మీదకొస్తున్నాడట.

“మరి తల్లి?”

“అంతా తెలిసుండీ నోరు మూసుకుని సంతకం పెట్టీసింది.”

దయాసాగర్‌కు ఒళ్లు మండింది. చిన్నపిల్లల ప్రాణాలంటే లెక్కలేని ఆ మనిషిని ఊరికే వదలకూడదనీ, కొడుకుతోపాటు ఆవిణ్ణీ కోర్టుకీడుస్తాననీ అన్నాడు.

“ఈడ్సండి బాబూ,” అంది వరమ్మ నెమ్మదిగా.

అయితే ఒక్క చిక్కుంది. టైల్స్ పగలగొడితే గొట్టం దొరుకుతుంది, నుయ్యి ఉందని తేలుతుంది. అది వాళ్లకు ముందే తెలుసని రుజువేది? టైల్స్ పరిచిన మేస్త్రీ కిందటేడే పోయాడట. మాకేం తెలీదు, ఎప్పుడో తాతల నాటిదంటే కేసు నీరుగారిపోతుంది.

“తెలుసని నేను సెప్తాను,” అంది వరమ్మ.

దయాసాగర్ కలం మూత పెట్టాడు. “కొన్నవాళ్ల మాట ఒక్కటీ సరిపోదమ్మా. ఆ తల్లే బోనెక్కి ఒప్పుకోవాలి. కన్నకొడుకు మీద ఎవరు చెబుతారు చెప్పండి?”

వరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. కుర్చీలోంచి లేచి నిలబడింది.

“ఆ తల్లిని నేనే బాబూ.”