ముగింపు మార్చిందెవరు?

ఆర్మూర్‌లో మార్నింగ్ షో వదిలారు.

థియేటర్ గేటు దగ్గర జితేందర్ మైకు పట్టుకుని నిలబడ్డాడు. స్నేహితుడు సాజిద్ ఫోన్లో వీడియో తీస్తున్నాడు. సినిమా చూసినవాళ్ల మాటలు వేడివేడిగా యూట్యూబ్‌లో పెట్టడం జితేందర్ పని. ఆ చుట్టుపక్కల అతని ఛానల్‌కు మంచి గిరాకీ ఉంది.

సినిమా పేరు ‘గుండ్లకింది రాజ్యం’. దానికి మూలం నలభై ఏళ్ల కింద గంగాకిషన్ రాసిన నవల. రేణుక అనే చిన్నపిల్ల రాతిగుండ్ల సందులోంచి దూరి భూమి కింది రాజ్యానికి వెళ్తుంది. మళ్లీ రాదు.

జితేందర్ తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లి పోయింది. అప్పుడు చేతికి దొరికిన పుస్తకం అది. అమ్మ దేవుని దగ్గరున్నదనీ, పైనుంచి చూస్తున్నదనీ అందరూ బుజ్జగించారు. పోయినవాళ్లు రారని నిజం చెప్పింది ఆ నవల ఒక్కటే.

సినిమాలో మాత్రం రేణుక తిరిగొచ్చింది. తలుపు తోసి “అమ్మా” అని పిలిచింది.

జితేందర్‌కు ఒళ్లు మండిపోయింది.

“అన్నా, ఎట్లుంది సినిమా?”

“గ్రాఫిక్స్ మస్తున్నయి. ఆఖర్లనే ఆగం జేసిండ్రు.”

“నువ్వు చెప్పు చెల్లె.”

“రేణుక వాపస్ వచ్చుడేందన్నా? నవల పానమే తీసిండ్రు.”

అప్పుడు బయటికొచ్చింది ఒక ముసలామె. పసుపు కొమ్ములు ఏరి ఏరి ఆమె గోళ్లు పచ్చబడిపోయాయి. కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

జితేందర్ మైకు ఆమె ముందు పెట్టాడు. “అవ్వా, ఎట్లుంది?”

“మంచిగున్నది బిడ్డా. పిల్ల ఇంటికొచ్చింది గదా. గంతే సాలు.”

“గంతే సాలా? అసలు నవల సదివినవా?”

“సదివిన. ఆఖరి పేజీ ఒక్కటి సదవలే.”

“ఏమాయె, ఎలుకలు కొట్టినయా?”

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు.

“మనసొప్పలే బిడ్డా.”

జితేందర్ కెమెరా వైపు తిరిగాడు. “ఇన్నరుగా! ఆఖరి పేజీ సదవనోళ్ల కోసం తీసిండ్రట సినిమా!” మళ్లీ ఆమె వైపు తిరిగాడు. “అవ్వా, పోయినోళ్లు రారు. గది తెల్వకుంటనే గింత ముసలిదానివైనవా?”

“రారా బిడ్డా?”

ఆమె నిజంగానే అడిగింది.

“రారు. సచ్చేదాక తొవ్వ సూసినా రారు.”

ఈసారి నవ్వులకు ఈలలు తోడయ్యాయి. ముసలామె తల వంచుకుని, జనాన్ని తప్పించుకుంటూ వెళ్లిపోయింది.

“గా ముక్క తీసెయ్‌రా. పాపం, ఏడుస్తున్నది” అన్నాడు సాజిద్.

“పాగల్, గదే నడుస్తది.”

నడిచింది. వారం తిరక్కుండానే లక్షల మంది చూశారు. ఆమె ఏడుపు ముఖానికి ఎవరో డీజే పాట తగిలించారు. మార్కెట్ యార్డులో, బస్టాండులో, ఆమె కనపడితే చాలు, ఎవడో ఒకడు అరిచేవాడు:

“అవ్వా! పిల్ల ఇంటికొచ్చిందా?”

అరిచిన ప్రతిసారీ ఆమె ఉలిక్కిపడి ఇంటి దారివైపు చూసేది. అది చూసి ఇంకా అరిచేవాళ్లు.

కొన్నాళ్లకు యార్డుకు రావడం మానేసింది.

ఒక పొద్దున సాజిద్ ఫోన్ చేశాడు.

“నీ వీడియోల అవ్వ పోయిందటరా. తలుపు బార్లా తెరిచి పెట్టుకునే పండుకునేదట. తెల్లారి పక్కింటోళ్లు సూసిండ్రట.”

“అయ్యో” అన్నాడు జితేందర్. “సరే గని, లైట్లు జల్ది తీస్కరా. సాయంత్రం డైరెక్టర్ మేడం లైవ్‌ల ఉన్నది.”

సాయంత్రం సినిమా దర్శకురాలు లిదియా కారులోంచే లైవ్‌లోకి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. జితేందర్ వెనక గోడ మీద గంగాకిషన్ ఫొటోకు కొత్త దండ వేలాడుతోంది.

“మేడం, నవల అభిమానులందరి తరఫున ఒక్కటే అడుగుతున్న. గా ముగింపు మార్చిందెవరు? గా మనిషి చేతులు ఇరగ్గొట్టాలని కామెంట్లు వస్తున్నయి.”

“గంగాకిషన్ గారి భార్య.”

జితేందర్ తెల్లబోయాడు. గంగాకిషన్ పుట్టిన ఊరు, చదివిన బడి, తాగిన చుట్ట అన్నీ అతనికి తెలుసు. ఆయనకొక భార్య ఉండి ఉంటుందని మాత్రం ఏనాడూ తట్టలేదు.

“సినిమాకు నవల ఇవ్వమని అడిగితే ఆవిడ ఇంకేమీ కోరలేదు” అంది లిదియా. “‘మా రేణుకను ఇంటికి తోల్కరా తల్లీ’ అన్నారు, అంతే.”

“మా రేణుక అంటే?”

“వాళ్లమ్మాయి. చిన్నప్పుడే జాతరలో తప్పిపోయింది. దొరకలేదు. ఆయన నవల రాసి ఆ దుఃఖంలోంచి బయటపడ్డారు. ఆవిడ బయటపడలేదు.”

జితేందర్ చూపు ఫోన్ తెర మీదికి జారింది. కింద లైవ్ చూస్తున్నవాళ్ల సంఖ్య పెరగడం కంటపడింది.

“మేడం, ఆమె యాడుంటది? అడ్రస్ ఇయ్యిండ్రి. రేపే పోయి కలుస్త. కాళ్లకు మొక్కి, మా ఛానల్‌ల మాట్లాడిపిస్త.”

“మీ ఊళ్లోనే. నేనిప్పుడు ఆవిడ చివరిచూపుకే వస్తున్నాను” అంది లిదియా. “మీరు మళ్లీ కలవక్కర్లేదు జితేందర్ గారూ, థియేటర్ గేటు దగ్గర మీరు మైకు పెట్టి జనాన్ని నవ్వించింది ఆ మంగవ్వ గారి మీదనే.”