బ్యాట్ బాగోలేదు

నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన త్రినాథరావుకు నిలబడే ఓపిక కూడా లేదు. స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్ గ్రౌండులో కూతురు ఆశాజ్యోతి రెండు బ్యాట్లు పట్టుకుని ఎదురుచూస్తోంది.

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్ల. ఓడితే నొచ్చుకుంటుందని, చిన్నప్పటి నుంచీ షటిల్‌లో తనే కావాలని ఓడిపోయి, "బ్యాట్ బాగోలేదమ్మా" అనేవాడు. ఈమధ్యే కోచింగులో చేర్పించాడు.

ఆశ మొదట రెండు స్మాష్‌లు కొట్టింది. అతను కదల్లేక మోకాళ్లు పట్టుకుని వంగిపోయాడు. ఆ తర్వాత ఆమె కొట్టిన కాక్‌లన్నీ నెట్‌కే తగిలాయి.

కోచింగ్ కూడా ఇంతేనా అని అతనికి మరింత నీరసం వచ్చింది. "ఏటమ్మా, ఇలాగాడతన్నావ్?"

ఆశ చేతిలోని బ్యాట్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బ్యాట్ బాగోలేదు నాన్నా. నువ్వే గెలిసీసావ్. ఇంకెల్లి తొంగో."