ఇంకా పొట్టుంది

ఆ రోజులకి కోర్టు అరచేతిలో పట్టే పెట్టెగా మారి, జనం దగ్గరికే వచ్చేసింది. ముందు నిబంధనలు చదువుతుంది. మనం "అర్థమైంది" అంటేనే కేసు కదులుతుంది. జనం వినకుండానే అనేసేవారు, ఓడిపోయేవారు.

బస్టాండు ముందు ఇడ్లీలమ్మే అసిరితల్లి మాత్రం అనలేదు. ఆమె బండి తీసేయించాలని మునిసిపాలిటీ కేసు వేసింది మరి.

"ప్రతివాది నిర్ణీత గడువులోగా లిఖితపూర్వక వాంగ్మూలం దాఖలు చేయనియెడల..." అని పెట్టె మొదలెట్టింది.

"నాకర్తం కానేదు బాబూ," అంది అసిరితల్లి, నానిన మినప్పప్పు కడుగుతూ. "నీ మాటలకీ పొట్టు శానా ఉంది. నువ్వూ కడుగు."

"అర్తమైందనేసీ అప్పా, పీడొదిలిపోద్ది," అంది పక్కన పూలు కట్టే గున్నమ్మ.

"పీడ కాదే, బండి పోద్ది!"

అర్థం కాలేదంటే ఇంకా తేలిక చేసి చెప్పాలన్నదీ కోర్టు నిబంధనే. పెట్టె ఆరు రోజులు చెప్పింది. ఆరు రోజులూ ఆమె "ఇంకా పొట్టుంది" అంది. ఏడో రోజు దాని దగ్గర ఒక్క ముక్కే మిగిలింది.

"అమ్మా, నీ మాట వినకుండా నీ బండిని ఎవరూ కదపకూడదు."

గున్నమ్మ పూలు వదిలేసింది. "ఓలమ్మో! ఇన్నాళ్లూ దీన్నా దాసింది?"

అసిరితల్లి చేతులు తుడుచుకుని, పెట్టె ఎదురుగా పీటేసుకుని కూర్చుంది.

"ఇప్పుడర్తమైంది. ఇంక నువ్విను."